ఉక్కక్క చేతులు

ఆమెకు ఆ పేరు పెట్టింది ఒక ఫుట్‌బాల్ ఆటగాడు. మసాజ్ బల్ల మీద బోర్లా పడుకుని ఉన్నవాడు, పిక్క మీద ఆమె బొటనవేలు దిగగానే "ఇది చెయ్యా, ఉక్కా, అక్కా?" అని మూలిగాడు. మధ్యలో ఉన్నది చెక్క గోడే కాబట్టి పక్క గదిలో పడుకున్నవాళ్ళకి కూడా వినపడింది. ఆ పూట నుంచి ఆమె అందరికీ ఉక్కక్క అయిపోయింది. కొన్నాళ్ళకు మొగుడు కూడా ఆ పేరే పట్టుకున్నాడు. ఆమె పైకి మూతి ముడిచేది గాని, లోపల ఆ పేరంటే ఇష్టమే.

మసాజ్ సెంటరు కళ్ళజోళ్ళ దుకాణం మీది అంతస్తులో ఉంది. పైకి వెళ్ళే మెట్లు ఇరుకు, పైగా నిటారు. నడుం పట్టేసి వచ్చినవాళ్ళకు ఆ మెట్లెక్కేసరికి ఇంకాస్త పట్టేసేది. "మెట్లు కూడా మన స్టాఫే, గిరాకీ తెచ్చిపెడుతున్నాయి" అనేది యజమానురాలు. పైన ఒకే పొడుగాటి హాలును చెక్క పలకలతో నాలుగు గదులు చేశారు. గదికో బల్ల. దాని తలవైపు మొహం ఆనించుకోవడానికి మెత్తటి గుండ్రటి కన్నం. గోడకు చొక్కాలు తగిలించే కొక్కెం, ఉతికిన దుప్పట్లు పెట్టే అర, వేడినీళ్ళ గిన్నెలో నిలబెట్టిన నూనె సీసా.

ఇక్కడికి రాకముందు ఆమె రొట్టెలు కాల్చే బేకరీలో పిండి పిసికేది. పెళ్ళి కాకముందు నుంచీ అదే పని. బేకరీ వాళ్ళు పిండి కలిపే యంత్రం కొన్నాక ఆమెను కౌంటరు దగ్గర నిలబెట్టారు. రొట్టెలు కాగితంలో చుట్టి ఇవ్వడం ఆమెకు పనిలా అనిపించలేదు. రోజంతా చేతులు ఊరికే ఉంటే సాయంత్రానికి ఆమెకు చిరాకు పుట్టేది. అక్కడికి రోజూ వచ్చే మసాజ్ సెంటరు యజమానురాలు ఆమెను యంత్రం రాకముందు నుంచీ గమనిస్తూనే ఉంది. ఒకరోజు రొట్టె అందుకుంటూ, "పిండికి చేసిన మర్యాదేదో మనుషులకి చెయ్యకూడదూ?" అంది.

ఆమెకు పని నేర్పింది ఆటగాళ్ళ జట్లతో ఊళ్ళు తిరిగి వచ్చిన ఒక ముసలి మాస్టారు. ఆయన మొదటి వారమంతా ఆమెను ఒక్క ఒంటి మీదా చెయ్యి వెయ్యనివ్వలేదు. ఎవరి మీద వెయ్యకూడదో చెప్పించుకున్నాడు. జ్వరం ఉన్నవాళ్ళ మీద వెయ్యకూడదు. కొత్తగా తగిలిన దెబ్బ మీద వెయ్యకూడదు. ఒక్క కాలే వాచి వేడిగా ఉంటే ముట్టుకోకుండా డాక్టరు దగ్గరికి పంపాలి. ఎందుకు వాచిందో తెలియని వాపు జోలికి అసలు పోకూడదు. ఆమె అన్నీ గడగడా అప్పజెప్పింది. చేతులు మాత్రం ఎప్పుడెప్పుడా అని చూస్తూ ఉండేవి.

రెండో గది ఆమెకిచ్చారు. కండరాల లోతుల్లోకి దిగి గట్టిగా ఒత్తే మసాజ్ అక్కడ. భుజాలు చెక్కలా బిగుసుకుపోయిన లారీ డ్రైవర్లు, మూటలు మోసి మోసి నడుం పట్టు విడవని కూలీలు, మిషన్ మీద వంగి కుట్టీ కుట్టీ మెడ తిప్పలేని దర్జీ, ఆటకు ముందొకసారీ తరవాత ఇంకోసారీ వచ్చే ఫుట్‌బాల్ కుర్రాళ్ళు, వీళ్ళంతా ఆమె మనుషులు. మెడ దగ్గర తాడు ముడిలాంటి గడ్డ వేలికి తగిలితే ఆమెకు ప్రాణం లేచొచ్చేది. మొదట అరచేత్తో చుట్టూ మెత్తబరిచి, తరవాత బొటనవేలు ఆనించి, ఊపిరి వదలమని, ఆ ఊపిరితో పాటు లోపలికి దిగేది. ముడి విడిపోయిన సంగతి పడుకున్నవాడి కంటే ఆమెకే ముందు తెలిసేది. దర్జీ అయితే లేచి కూర్చుని, మెడ అటూ ఇటూ తిప్పి, "ఇప్పుడు మా ఆవిడ ఎటువైపు నుంచి తిట్టినా చూడగలను" అనేవాడు.

మిగతా గదుల పని ఆమె కంటికి అంతగా ఆనేది కాదు. మొదటి గదిలో గోరువెచ్చని నూనెతో మెడ నుంచి మడమల దాకా పొడుగ్గా నిమురుతూ చేసే మర్దన. నిద్ర పట్టనివాళ్ళు, ఆఫీసుల్లో తల వేడెక్కినవాళ్ళు వచ్చి, సగంలోనే గుర్రు పెట్టేవాళ్ళు. నాలుగో గదిలో సన్నటి నునుపు రాళ్ళు వేడిచేసి వీపు మీద పేర్చేవాళ్ళు. చలికి బిగుసుకుపోయే ఒళ్ళున్నవాళ్ళు దానికోసం వచ్చేవాళ్ళు. కడుపుతో ఉన్న ఆడవాళ్ళను కూడా ఆ గదిలోనే పక్కకు తిప్పి పడుకోబెట్టి, మోకాళ్ళ మధ్య దిండ్లు పెట్టి, నడుం దగ్గర మెల్లగా రాసేవాళ్ళు. ఇవన్నీ ఉక్కక్క దృష్టిలో దుమ్ము దులపడం. "అయిందా దులపడం?" అని ఆ గదుల్లో పనిచేసే అమ్మాయిల్ని ఆటపట్టించేది.

మూడో గది పాదాల బాబాయిది. పాదంలో ఫలానా చోట నొక్కితే కాలేయం, ఫలానా చోట నొక్కితే ఊపిరితిత్తులు అని ఆయన గోడకు పెద్ద బొమ్మ తగిలించుకున్నాడు. చిన్న చెక్క ములుకుతో నొక్కుతూ ఒక్కో అవయవం పేరు చెప్పేవాడు.

"నా అరికాల్లో కాలేయం ఉంటే పొట్టలో ఉన్నదేంటి బాబాయ్?" అనేది ఉక్కక్క.

"నువ్వు నమ్మకపోయినా సరే. రోజంతా నిలబడి పనిచేసేవాళ్ళు నా దగ్గరికి కుంటుతూ వచ్చి నడుచుకుంటూ వెళ్తున్నారా లేదా, అది చెప్పు."

వెళ్తున్న మాట నిజమే. ఆ మాట ఆమె ఒప్పుకునేది. కాలేయం మాట మాత్రం ఒప్పుకునేది కాదు.

అలా పన్నెండేళ్ళు నడిచింది. తరవాత ఆమె బొటనవేళ్ళు ఆమెకు చెయ్యిచ్చాయి.

మొదట పొద్దున లేవగానే కుడి బొటనవేలు మొదట్లో సలిపేది. పని మొదలయ్యాక సర్దుకునేది. తరవాత ఎడమదీ మొదలైంది. పని మొదలయ్యాక కూడా సర్దుకోవడం మానేసింది. ఆమె ఎవరికీ చెప్పలేదు. వేళ్ళకు గుడ్డ పట్టీ బిగించి, అడిగినవాళ్ళకు తలుపులో పడి నలిగిందని చెప్పింది. బొటనవేలు దిగాల్సిన చోట మోచెయ్యి ఆనించింది. లారీ డ్రైవర్లకు తేడా తెలియలేదు. దర్జీకి తెలిసింది. "ఇవాళ వేలు మాట్లాడటం లేదేంటమ్మా?" అన్నాడు.

మొగుడు బస్సు డిపోలో మెకానిక్. మనుషుల సంగతి ఆయనకు ఆలస్యంగా తెలిసినా, అరిగిన సామాను సంగతి ఇట్టే పట్టేస్తాడు. ఆమె టీ గ్లాసును రెండు అరచేతుల మధ్య ఇరికించి ఎత్తడం చూసి, బొటనవేలు పట్టుకుని మెల్లగా తిప్పి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"బేరింగు అరిగింది" అన్నాడు.

"మార్పించు మరి."

"మార్చడానికి దొరకదు. అలాంటప్పుడు లోడు తగ్గించాలి."

"లోడు తగ్గిస్తే నన్నెవరు అడుగుతారు? దులపడానికి అక్కడ చాలామంది ఉన్నారు" అంది ఆమె. ఎముకల డాక్టరు కూడా బేరింగు మాటే ఇంకో రకంగా చెప్పాడు. అది ఈ చెవితో విని ఆ చెవితో వదిలేసింది. ఒత్తడం మానేస్తే తను ఉక్కక్క ఎలా అవుతుందో ఆమెకు అర్థం కాలేదు.

ఆ రోజుల్లోనే వదినగారి చెయ్యి వాచింది.

వదినగారంటే మొగుడి అక్క. ఒంటరి మనిషి. రెండు వీధులవతల ఫొటోలకూ అద్దాలకూ ఫ్రేములు కట్టే దుకాణం నడుపుతుంది. గాజు కోసే వజ్రపు ములుకు ఆవిడ చేతిలో ఉందా, నాలుక మీద ఉందా అని తమ్ముడికే అనుమానం. మరదలు ఒకటంటే వదిన రెండనేది. మరదలు ఊరుకుంటుందా, మూడనేది. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటుంటే కొత్తవాళ్ళు కొట్టుకుంటారేమోనని భయపడేవాళ్ళు. ఇంటాయన మాత్రం నిమ్మకు నీరెత్తినట్టు కూర్చుని పేపరు చదువుకునేవాడు. రెండేళ్ళ కిందట ఆవిడకు రొమ్ములో గడ్డ వస్తే ఆపరేషన్ చేసి, చంకలో ఉన్న గ్రంథులు కూడా తీసేశారు. ఆస్పత్రి నుంచి వచ్చిన మర్నాటి నుంచే ఆవిడ ఆ ఊసు ఎవర్నీ ఎత్తనివ్వలేదు. పొడుగు చేతుల చొక్కా, మెడ దాకా గుండీలు, ఎప్పటి పని అప్పుడే.

ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనానికి వచ్చినప్పుడు ఉక్కక్క గమనించింది.

"వాచీ కుడిచేతికి మారిందేం వదినా?"

"ఎడమచేతికి విసుగొచ్చిందట."

"చొక్కా గుండీకి కూడా విసుగొచ్చిందా? పెట్టుకోలేదు."

వదినగారు చెయ్యి వెనక్కి లాక్కోబోయింది. ఉక్కక్క పట్టంటే ఉడుంపట్టు. చొక్కా పైకి జరిపి చూస్తే ముంజేయి మోచెయ్యి దాకా నున్నగా, బరువుగా ఉబ్బి ఉంది. వేలితో నొక్కి తీస్తే, ఎక్కువసేపు పులిసిన పిండిలో పడ్డట్టు గుంట పడి అలాగే ఉండిపోయింది.

"ఆస్పత్రిలో చూపించావా?"

"ఏడాదికోసారి రమ్మన్నారు. ఇంకా ఏడాది కాలేదు."

"నీరు పట్టింది, అంతే. నాలుగుసార్లు గట్టిగా పిండితే దిగిపోతుంది. నాకు వదిలెయ్."

"నీకు వదిలేస్తే నాకు చెయ్యి మిగులుతుందా?" అంది గాని, వదినగారు చెయ్యి చాపింది. ఆ చెయ్యి ఎంతగా ఇబ్బంది పెడుతుంటే ఆవిడ అంత తేలిగ్గా చాపి ఉంటుందో ఉక్కక్కకు ఆ క్షణాన తట్టలేదు. మాస్టారి దగ్గర గడగడా అప్పజెప్పినవేవీ కూడా తట్టలేదు. తన చేతులతో అయ్యే పని ఒకటి సొంత ఇంట్లోనే దొరికిందన్న సంతోషమే ఉంది. బొటనవేళ్ళ పట్టీ విప్పేసి, నూనె రాసి, మణికట్టు నుంచి చంక దాకా ఎగదోస్తూ, మోచెయ్యి ఆనిస్తూ, చాలాసేపు ఒత్తింది. వదినగారు పళ్ళు బిగబట్టి కూర్చుంది. అయ్యాక చూస్తే చెయ్యి కాస్త దిగినట్టే కనబడింది.

మంగళవారం మధ్యాహ్నం దర్జీ మెడ మీద ఉండగా మొగుడు ఫోను చేశాడు. "అక్కకి చలిజ్వరం. చెయ్యి ఎర్రగా కాలిపోతోంది. ఆస్పత్రికి తీసుకెళ్తున్నా, వచ్చెయ్" అన్నాడు.

ఆమె చేతులు తుడుచుకోకుండానే మెట్లు దిగింది.

వార్డులో వదినగారు ఎడమచెయ్యి దిండు మీద పెట్టుకుని పడుకుని ఉంది. ఎరుపు మోచెయ్యి దాటి పైకి పాకింది. సెలైనులో మందు ఎక్కిస్తున్నారు. డాక్టరు చెయ్యంతా చూసి, "ఏం జరిగింది? బరువులేమైనా ఎత్తారా? చేతికి ఏదైనా గుచ్చుకుందా?" అని అడిగాడు.

"పెద్ద అద్దం మోశాను. గాజు కూడా గీసుకుంది" అంది వదినగారు. మరదలి వైపు చూడలేదు.

చూపుడువేలి మీద నిజంగానే సన్నటి గాజు గీత ఉంది. డాక్టరు తలూపి రాసుకోబోయాడు. ఉక్కక్క మంచం కాళ్ళవైపు నిలబడి ఉంది. ఆ మాట అక్కడితో ఆగిపోతే ఆమెకు ఏ ఇబ్బందీ లేదు. వదినగారు దారి వేసి పెట్టేసింది.

"అద్దం ఒక్కటే కాదు డాక్టరుగారూ. నేను పిసికాను. గట్టిగా. నూనె పెట్టి, మోచెయ్యి పెట్టి" అంది.

"నిన్నెవరడిగారే?" అంది వదినగారు.

డాక్టరు అరవలేదు. వదినగారి చేతిలో చేరింది లింఫ్ అనే పల్చటి ద్రవమనీ, చంకలో గ్రంథులు తీసేశారు కాబట్టి అది వెళ్ళే దారులు తగ్గిపోయాయనీ, అలాంటి చేతికి చిన్న గాయం ద్వారా కూడా క్రిములు సులువుగా పడతాయనీ చెప్పాడు. "గాజు గీత వల్లనా, మీరు ఒత్తడం వల్లనా అని తేల్చి చెప్పలేం. రెండూ కావచ్చు. కానీ ఈ చేతిని ఇంకెప్పుడూ అలా ఒత్తకూడదు" అన్నాడు.

"మరి వాపు?"

"ముందు ఈ జ్వరం, ఎరుపు పూర్తిగా తగ్గనివ్వండి. తరవాత కింద ఫిజియోథెరపీలో ఒకమ్మాయి ఉంది, చూస్తుంది. దానికీ ఒక మసాజ్ ఉంది. మీరు చేసే రకం కాదు."

ఇంటికి వచ్చాక ఉక్కక్క రెండురోజులు పనికి వెళ్ళలేదు. వంటింట్లో ఊరికే కూర్చుని తన చేతులవైపు చూసుకునేది. మొగుడు ఆమెకు ధైర్యం చెప్పడానికని, "నేనూ ఒకసారి బ్రేకు సరిచెయ్యబోయి ఇంకా చెడగొట్టాను" అన్నాడు. ఆ కథ పూర్తి చెయ్యకుండానే లేచి వెళ్ళి బియ్యం కడిగాడు.

వదినగారి జ్వరం తగ్గి, మందుల కోర్సు పూర్తయ్యాక, ఫిజియోథెరపీ అమ్మాయి దగ్గరికి ఇద్దరూ కలిసి వెళ్ళారు. ఉక్కక్కకు కూతురే ఉంటే ఆ అమ్మాయి వయసుంటుందేమో. గదినిండా మనుషులు, ఆమె ఒక్కతే. మొదట్లో ఈ మసాజ్ రోజూ జరగాలనీ, రోజూ తను చెయ్యలేననీ, ఇంట్లో ఎవరైనా నేర్చుకుంటే మంచిదనీ చెప్పింది.

"ఈవిడ మసాజ్ చేసే మనిషే" అంది వదినగారు, పెదవి విరిచి. "నా చెయ్యే సాక్ష్యం."

అమ్మాయి నవ్వి, ఉక్కక్క చొక్కా చెయ్యి పైకి మడవమని, ముంజేతి మీద తన అరచెయ్యి ఆనించింది.

"తెలుస్తోందా అక్కా?"

"లేదు. ఇంకా మొదలెట్టలేదు కదా."

"సగం అయిపోయింది."

ఉక్కక్క కిందికి చూసింది. అమ్మాయి చెయ్యి కదులుతున్న మాట నిజమే. చర్మాన్ని కొద్దిగా జరిపి, కాస్త ఆగి, వదిలేస్తోంది. నూనె లేదు. జారుడు లేదు. లోపలి కండ దాకా చేరేంత బరువే లేదు. చర్మానికి కొంచెం కిందే ఈ ద్రవం పారే సన్నటి దారులుంటాయట. గట్టిగా నొక్కితే అవి మూసుకుపోతాయట. పైగా మొదలుపెట్టాల్సింది వాచిన చేతి దగ్గర కాదట. ముందు మెడ, తరవాత బాగున్న వైపు చంక, ఛాతీ, వీపు. అక్కడ దారి చేశాక భుజం, ఆ తరవాతే మోచెయ్యి, చిట్టచివర వేళ్ళు.

"ముందున్న బస్సు కదలందే వెనక బస్సు కదలదు కదా, అలా అన్నమాట" అన్నాడు మొగుడు ఆ సాయంత్రం, ఆమె చెప్పినదంతా విని. అది ఆమెకు బాగా ఎక్కింది.

బుర్రకు ఎక్కింది గాని చేతులకు ఎక్కలేదు. జీవితమంతా పిండిలోకో, కండలోకో దిగిన చేతులవి. పైపైన ఆగమంటే వాటికి తోచలేదు. అమ్మాయి తన చేతి మీదే చేయించుకుని చూసి, "అక్కా, మీరు పని చేస్తున్నారు. పని చెయ్యకండి" అనేది.

"పని చెయ్యకపోతే నేనెందుకమ్మా ఇక్కడ?"

"కళ్ళు మూసుకోండి. మీ కనురెప్ప మీద మీరే వేలు పెట్టి, మెల్లగా జరపండి. ఎంత బరువు వేశారు? అంతే. ఎక్కడైనా అంతే."

ఆమె ఇంట్లో మొగుడి చేతి మీద సాధన చేసింది. పెళ్ళైన కొత్తలో ఒకసారి భుజం పట్టించుకుని, మళ్ళీ ఆమె చేతికి చిక్కకుండా తప్పించుకు తిరిగిన మనిషి ఆయన. ఇప్పుడు కుర్చీలో చెయ్యి చాపుకుని కూర్చుని, మెడ దగ్గర మొదలుపెట్టిన కాసేపటికే తల వాల్చేశాడు. లేచాక, "ఇన్నేళ్ళకి నీ చేతికింద నిద్ర పట్టింది" అన్నాడు. దాన్ని పొగడ్తగా తీసుకోవాలో వద్దో ఆమె తేల్చుకోలేకపోయింది. ఇంకో సంగతి కూడా గమనించింది. అంతసేపు చేసినా ఆమె బొటనవేళ్ళు నొప్పెట్టలేదు.

దుకాణం మూసే వేళకు ఆమె వదినగారి దగ్గరికి వెళ్ళేది. వెనక గదిలో గోడలనిండా ఆనించిన ఫ్రేము చెక్కలు, జిగురు డబ్బాలు, గాజు ముక్కల డబ్బా. ఒక మూల వాలుకుర్చీ. మొదటి రోజు వదినగారు చెయ్యి మాత్రం చాపింది.

"చెయ్యి చాలదు వదినా. ఛాతీ దగ్గర మొదలెట్టాలి. గుండీలు విప్పాలి."

బయట వీధిలో ఎవరో షట్టరు దించుతున్న చప్పుడు వినపడింది. తరవాత వదినగారు ఒక్కో గుండీ విప్పింది. రొమ్ము ఉండాల్సిన చోట చదునుగా, చంక దాకా అడ్డంగా పోయిన కుట్ల గీత. లేత రంగుకు తిరిగింది.

"ఎలా ఉంది?" అంది వదినగారు గోడవైపు చూస్తూ. "నేను చూసుకోలేదు. రోజంతా అద్దాలే కోస్తా. అయినా చూసుకోలేదు."

జాలి మాట ఒక్కటి నోటి నుంచి వచ్చినా ఆవిడ గుండీలు మళ్ళీ పెట్టేసుకుంటుందని ఉక్కక్కకు తెలుసు.

"కుట్లు శుభ్రంగా వేశాడు. నీ ఫ్రేముల మూలలు కూడా ఇంత బాగా కలవవు."

"నా మూలల జోలికి రాకు" అంది వదినగారు. భుజాలు మాత్రం కిందికి దిగాయి. ఉక్కక్క మెడ పక్కన అరచేతులు ఆనించి మొదలుపెట్టింది.

అలా చాలా సాయంత్రాలు గడిచాయి. నిమరడం అయ్యాక వేళ్ళ దగ్గర నుంచి భుజం దాకా పట్టీలు చుట్టడం, ఆ పట్టీలతోనే గుప్పిట మూసి తెరిచే వ్యాయామం. ఇంత నెమ్మది పనిలో మాట్లాడుకోక తప్పదు. ఒకరోజు వదినగారు అడిగింది.

"ఆ రోజు డాక్టరు దగ్గర ఎందుకు చెప్పావే? నేను అద్దమని సర్దేశాగా."

"ఆయన అద్దానికి వైద్యం చేస్తే నీ చెయ్యి తగ్గుతుందా?"

"నీ పేరు పోతుందని చూశాను. అందరూ నిన్ను ఆకాశానికెత్తుతుంటే నేనెందుకు దించడం అని."

ఉక్కక్క చేతులు ఆగాయి. ఇన్నేళ్ళలో వదినగారు ఆమె పనిని మెచ్చుకున్నట్టు వినపడింది అదొక్కసారే. "ఆపావేం? వాపు దానంతటది పోతుందా?" అంది వదినగారు వెంటనే, ఆ మాట ఎక్కువసేపు గాలిలో ఉండనివ్వకుండా.

చెయ్యి తగ్గింది. పూర్తిగా కాదు. కుడిచేతితో పోలిస్తే ఇప్పటికీ లావే. ఎండ ఎక్కువైన రోజునో, ఆవిడ మాట వినకుండా పెద్ద గాజు పలక ఎత్తిన రోజునో మళ్ళీ బరువెక్కుతుంది. కాని ఒక ఉదయం చొక్కా మణికట్టు గుండీ పట్టింది. ఆవిడ ఆ సంగతి చెప్పడానికి దుకాణం తెరవకుండా తమ్ముడి ఇంటికి వచ్చి, ఏమీ చెప్పకుండా చెయ్యి చూపించి, టీ తాగి వెళ్ళింది. పట్టీల బదులు ఇప్పుడు బిగుతుగా ఉండే చేతి తొడుగు వేసుకుంటోంది. కొలత తీసుకుని చేయించినది.

మసాజ్ సెంటర్లో సంగతి అంత తేలిగ్గా తెమల్లేదు. బొటనవేళ్ళు తలుపులో నలగలేదనీ, అరిగిపోయాయనీ, ఇక గట్టిగా ఒత్తలేననీ ఉక్కక్క యజమానురాలికి ఉన్నదున్నట్టు చెప్పేసింది. యజమానురాలు తల పట్టుకుంది. ఫుట్‌బాల్ కుర్రాళ్ళు జట్టుగా అలిగారు. రెండో గదికి కొత్త మనిషిని వెతికారు. సరుకు గోదాములో మూటలు మోసి వచ్చిన భారీ మనిషి ఒకాయన దొరికాడు. నోట్లో నాలుక లేనట్టుంటాడు. అతనికి పని నేర్పింది ఉక్కక్కే.

"బొటనవేలు దాచుకో. ముంజెయ్యి వాడు. చేతి బలంతో కాదు, ఒంటి బరువుతో వాలు" అని రోజంతా సణిగేది. తను నేర్చుకున్నప్పుడు మాస్టారూ ఇదే చెప్పాడు. అప్పుడు ఆమెకు వేలితో దిగడమే నచ్చింది. దర్జీ కొత్తాయన చేతికింద నాలుగుసార్లు పడుకున్నాక, "వేలంత కబుర్లు చెప్పదు గాని పని అవుతోంది" అని తీర్పిచ్చాడు.

ఫిజియోథెరపీ అమ్మాయి సలహా మీద ఉక్కక్క ఆ మసాజ్ పూర్తి కోర్సు చేసింది. తన ఈడువాళ్ళు ఎవరూ లేని తరగతిలో వెనక బల్ల మీద కూర్చుని, పరీక్షలో ఒకసారి తప్పి, రెండోసారి గట్టెక్కింది. తరవాత యజమానురాలి దగ్గరికి వెళ్ళి నాలుగో గది పొద్దున పూట తనకు ఇమ్మంది.

"ఒత్తకుండా ఊరికే ఆనిస్తే జనం వస్తారా?"

"వచ్చేవాళ్ళు వస్తారు. ఆస్పత్రి వాళ్ళే పంపిస్తారు. జ్వరం, ఎరుపు ఉంటే నేనే వెనక్కి పంపిస్తాను."

"అంటే వచ్చినవాళ్ళని కూడా పంపించేస్తావన్నమాట" అంది యజమానురాలు. అయినా గది ఇచ్చింది. రాళ్ళు వేడిచేసే అమ్మాయి తన పెట్టెను ఒక మూలకు జరుపుకుని, "అయిందా దులపడం అని ఇక నేనడగొచ్చా అక్కా?" అంది. ఉక్కక్క అడగమంది.

మొదట వచ్చినావిడ ఈతకొలనులో పిల్లలకు ఈత నేర్పే మనిషి. ఆపరేషన్ తరవాత కొలనులోకి దిగలేదు. మెడ దాకా గుండీలు పెట్టుకుని, వాచిన చెయ్యి సంచీ కింద దాచుకుని, బల్ల అంచున కూర్చుంది. పడుకోమంటే పడుకోలేదు. ఈసారికి మాట్లాడి వెళ్తానంది. మాట్లాడనూ లేదు. ఉక్కక్క తొందరపెట్టలేదు. కిటికీ దగ్గర దుప్పట్లు మడతపెడుతూ కూర్చుంది.

ఇప్పుడు సెంటరుకే వస్తున్న వదినగారి వంతు ఆ తరవాతే. గది బయట కూర్చుని ఉండాల్సిన మనిషి ఓపిక చాలక తెర పక్కకు జరిపి తల లోపల పెట్టింది.

"ఎంతసేపే? నాకవతల దుకాణం ఉంది."

"వదినా, లోపల మనుషులున్నారు."

"మనుషులుంటే ఏం, నేను మనిషిని కాదూ?" అంటూ తెర వదిలేయబోయి ఆగింది. ఈతావిడ చూపు వదినగారి చేతి తొడుగు మీద పడింది.

"మీక్కూడానా?" అంది ఈతావిడ. అంతసేపట్లో ఆమె తనంతట తాను మాట్లాడిన మొదటి మాట అదే.

"నాక్కూడా. ఆపరేషనయి మూడేళ్ళు దాటింది" అంది వదినగారు, పిలవకుండానే లోపలికి వచ్చి స్టూలు లాక్కుని. "ఈవిడ మా తమ్ముడి పెళ్ళాం. దీనికి నోరెక్కువ. చెయ్యి మాత్రం పెట్టిందో లేదో కూడా తెలియదు. గుండీలు విప్పడానికి నాకు మొహమాటం వేసింది. నీకూ వేస్తుంది. వెయ్యనీ."

ఆ తరవాత వాళ్ళిద్దరూ మాటల్లో పడ్డారు. తొడుగు ఎక్కడ కుట్టించుకున్నావు, రాత్రి ఏ పక్కకి పడుకుంటావు, చెయ్యి ఎత్తి బట్టలు ఆరెయ్యగలవా, ఇవే మాటలు. కాసేపటికి ఈతావిడ మాట్లాడుతూ మాట్లాడుతూనే పై గుండీ విప్పింది. వదినగారు స్టూలు తిప్పుకుని కిటికీ వైపు మొహం పెట్టి కూర్చుంది గాని, మాట ఆపలేదు.

ఉక్కక్క చేతులు కడుక్కుని, వెచ్చబడేదాకా రెండు అరచేతులూ రుద్దుకుని, ఈతావిడ మెడకు రెండు పక్కలా ఆనించింది.